రసాలు మాగే గది

“పన్నులో ఎంతో కొంత తగ్గుతుందంటే ఆ గది అలాగే ఉంచుతా. లేదంటే రేపే గడ్డి పరిచి రసాలు మాగేస్తా. ఏదో ఒకటి తేల్చి చెప్పండి ఆడిటర్ గారూ,” అన్నాడు వీరరాఘవయ్య.

ఆడిటర్ రవిచంద్ర ఎదురుగా కూర్చున్న ముగ్గుర్నీ చూశాడు. నూజివీడులో మామిడి వ్యాపారం చేసే వీరరాఘవయ్య, ఆయన భార్య ప్రమీలారాణి, కోడలు రోజా. ఇంటి తగువులు తన బల్ల మీదికి రావడం ఆయనకి కొత్తేం కాదు.

“గదిలో ఏం పని జరుగుతుందండీ?”

“ఆన్‌లైన్లో లెక్కల పాఠాలండి, బెంగళూరు కంపెనీకి,” అంది రోజా.

“సాయంత్రం తలుపు పడిందంటే మళ్ళీ భోజనాలకే తీసేది. నా ఇంట్లో నేను ఫోన్ మాట్లాడాలన్నా వీధిలోకి పోవాలి,” అన్నాడు వీరరాఘవయ్య.

“జీతమా, ఫీజా?”

“ఫీజేనండి.”

“అయితే నయం. జీతం తీసుకునేవాళ్ళకి ఇంట్లో గది ఖర్చు చూపించుకునే వీల్లేదు. ఫీజు తీసుకునేవాళ్ళకి ఉంది. ఆ గదికయ్యే కరెంటు, ఇంటర్నెట్, కంప్యూటర్ తరుగుదల ఆదాయంలోంచి తీసేయొచ్చు. కాకపోతే అందులో ఇంకో వ్యాపారం ఉండకూడదు.”

“ఓ మూలన కాయలు పోసుకుంటేనో?”

“రేపు ఆఫీసర్ వస్తే ఆ వాసనకి నేనేం సమాధానం చెప్పనండీ?”

వీరరాఘవయ్య మొహం మాడ్చుకున్నాడు. తండ్రి హయాం నుంచీ రసాలు మాగింది ఆ గదిలోనే. అంతలో ఫోన్ మోగింది. దారిలో లారీ ఆగిపోయిందట. అరుచుకుంటూ వరండాలోకి నడిచాడు.

రవిచంద్రకి రోజాని చూస్తే జాలేసింది. చదువుకున్న పిల్ల తలుపేసుకుని నాలుగు డబ్బులు సంపాదించుకుంటుంటే ఇంట్లోవాళ్ళకి ఎంత కంటగింపో. తనకెందుకని ఊరుకోలేక అత్తగారి వైపు తిరిగాడు.

“అమ్మా, ఏమీ అనుకోకండి. పాఠాలు నడిచేటప్పుడు కోడల్ని వంటింట్లోకి పిలవకండి.”

“పిలవనండి,” అంది ప్రమీలారాణి.

“ఆయన కాఫీ, బేరానికొచ్చినవాళ్ళ మజ్జిగ, అన్నీ మీరే చూసుకోవాలి మరి.”

ఆమె ఏదో అనబోయింది. రోజా మెల్లగా ఆమె చెయ్యి నొక్కింది.

“ఆ సంగతి మేం చూసుకుంటాంగానీ, మామయ్యగారికి మీరు గట్టిగా చెప్పండి చాలు,” అంది.

వీరరాఘవయ్య లోపలికి రాగానే రవిచంద్ర గట్టిగానే చెప్పాడు.

“గది ఆఫీసుకే. కాయలకి షెడ్డు అద్దెకి తీసుకోండి. ఆ అద్దె మీ వ్యాపారం ఖర్చులో రాసేద్దాం.”

అద్దె ఖర్చులోకి పోతుందనేసరికి వీరరాఘవయ్య కాస్త మెత్తబడ్డాడు.

“సరే, కానివ్వండి. ఆ గది జోలికి ఇక రాను.”

ప్రమీలారాణి కళ్ళొత్తుకుంది. పెత్తనం చేజారిందని బాధ కాబోలు అనుకున్నాడు రవిచంద్ర. గది ఖర్చులు చూపించే కాగితం రోజా ముందుకి జరిపి, సంతకం చేయాల్సిన చోటు చూపించాడు. రోజా పెన్ను అందుకుని అత్తగారి చేతిలో పెట్టింది.

“పాఠాలు చెప్పేది మా అత్తయ్యగారండి.”