వెచ్చటి పళ్లెం

"ఒక్కటి కూడా మింగకు. వింటున్నావా?" కారు దిగుతూ ఊనా గొంతు తగ్గించి అంది.

"మింగకపోతే ఊరుకుంటాడా? తను పెంచిన ఆల్చిప్పలు పచ్చివి తినలేనన్నవాడిని ఫెస్టస్ మళ్లీ గడప తొక్కనివ్వడని గాల్వే తీరమంతా చెప్పుకుంటుంది," అన్నాడు ఫింటన్.

"అయితే నీ జబ్బు సంగతి చెప్పెయ్."

"చెప్పి? తల్లిదండ్రుల నుంచి పిల్లలకొచ్చే జబ్బని తెలిస్తే, మన ఓర్లాని కోడలిగా తెచ్చుకుంటాడా? ముందు పెళ్లి కానీ."

ఊనాకు డాక్టరమ్మ మాటలే చెవుల్లో మోగుతున్నాయి. "మామూలుగా మన ఒళ్లు ఇనుముకు తాళం వేసి దాచుకుంటుంది. క్రిములు కొక్కేలు విసిరి రవ్వంత రవ్వంత లాక్కోవాలి. మీ ఆయన రక్తంలో తాళానికి పట్టనంత ఇనుము బయటే పడి ఉంది. వేసవిలో సముద్రంలో పెరిగే క్రిమి ఒకటుంది. పచ్చి ఆల్చిప్పతో అది లోపలికెళ్లిందా, దానికిక పెళ్లి భోజనమే. రెండు రోజుల్లో మనిషి దక్కడు. ఆయన తోబుట్టువులకీ పిల్లలకీ కూడా పరీక్ష చేయించండి."

ఫెస్టస్ గుమ్మంలోనే ఎదురొచ్చి ఊనా చెయ్యి పట్టుకుని ఊపాడు. ఆమె "అబ్బా!" అంది.

"గట్టిగా నొక్కేశానా?"

"మీరు కాదులెండి. స్వెట్టర్లు అల్లీ అల్లీ ఈ రెండు వేళ్లూ పట్టేశాయి."

"ఎండకి బాగా రంగు తిరిగారే. స్పెయిన్ వెళ్లొచ్చారా?"

"ఈ వేసవంతా వానలేగా, పెరట్లోకే వెళ్లలేదు, ఇంక స్పెయినా!"

ఫెస్టస్ నవ్వలేదు. కూర్చోమని చెప్పి వంటింట్లోకి వెళ్లాడు. ఎంతకీ రాడే! ఓర్లా, ఫెస్టస్ కొడుకూ పడవ చూడ్డానికి పోయారు. గదిలో వీళ్లిద్దరే మిగిలారు.

"అనుమానం వచ్చిందంటావా?" గుసగుసగా అడిగింది ఊనా.

"నీ మొహం చూస్తే ఎవరికైనా వస్తుంది," విసుక్కున్నాడు ఫింటన్.

ఫెస్టస్ రెండు పళ్లేలు తెచ్చి ఇద్దరి ముందూ చెరొకటి పెట్టాడు. "రొట్టె తెస్తాను. వచ్చేసరికి పళ్లెం ఖాళీ కాకపోతే పెళ్లి లేదు, ఫింటన్!" అంటూ మళ్లీ లోపలికి పోయాడు.

ఫింటన్ తన ముందున్న పచ్చి ఆల్చిప్పల పళ్లేన్ని దూరంగా జరిపాడు. ఊనా తన పళ్లెం దగ్గరికి లాక్కోబోయి ఆగింది. అంచు వెచ్చగా తగిలింది. చిప్పల్లో వెన్న కరిగి మెరుస్తోంది.

"నావి ఉడికించాడు! ఆడదానికి పచ్చివి గొంతు దిగవనుకున్నాడేమో. దేవుడే చేయించాడు. ఇలా ఇవ్వు నీది."

పళ్లేలు మార్చేసింది. నిమ్మకాయ పిండుకుని, నమలకుండా, ఒకదాని వెంట ఒకటి మింగింది. చిప్ప ఎత్తినప్పుడల్లా వేళ్లు సలిపాయి. అయినా ఆపలేదు. ఆఖరి చిప్ప దించి, పళ్లేలు మళ్లీ ఎవరివి వాళ్ల ముందుకు జరిపేసరికి అడుగుల చప్పుడు వినబడింది.

"శభాష్!" ఫెస్టస్ రొట్టె బల్లమీద పెట్టి, కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. గొంతు తగ్గించాడు. "ఇక మన మధ్య దాపరికం ఎందుకు? రక్తంలో ఇనుము ఎక్కువయ్యే జబ్బు నాకూ ఉంది. అమ్మడమే గానీ పచ్చివి నేనే ముట్టను. పిల్లలిద్దరికీ పరీక్ష చేయిద్దాం. పెళ్లికి అదేం అడ్డం కాదు."

ఊనాకు గుండెల మీంచి బండ దిగినట్టయింది. మొగుడి చెయ్యి నొక్కి, తడి కళ్లతో నవ్వేసింది. "మా సంగతి ఎలా పోల్చారండీ?"

"నాకూ మొదట ఆ రెండు వేళ్ల కణుపులే పట్టేశాయి. ఎండ తగలకుండానే ఒళ్లు కంచురంగు తిరిగింది." ఫెస్టస్ ఆమె చేతిని మెల్లగా తన చేతిలోకి తీసుకున్నాడు.

"అందుకే మీ ఒక్కరికే ఉడికించాను, ఊనా."