మిషన్ కోడికూర

నా కొడుకు సమీర్ పోయిన నలభయ్యో రోజు, వాడి పేరున ఫాతెహా ప్రార్థన చదివించాక, మెన్నోనైట్ క్రైస్తవుల మిషన్‌లో వంట చేసే అక్కమ్మ కోడికూర తెచ్చింది. వాడు రెండేళ్లు వాళ్ల వ్యాను నడిపాడు. తిండి పెట్టి వాణ్ణి వాళ్లలో కలిపేసుకున్నారేమోనని నాకు మొదటినుంచీ అనుమానం. మా దీన్, మా మతం, వదిలేసి పోయాడేమోనని కన్నకడుపు కుమిలిపోయేది.

"మావాణ్ణి మార్చింది చాలక ఇప్పుడు నా వంతా?" అన్నాను.

అక్కమ్మ అరుగు మీద కూర్చుంది. "మారింది మేమండీ. బిస్మిల్లా అని కోయని కోడి ముట్టనని చేరిన రోజే చెప్పేశాడు. ఒక్కడికి వేరే వండడమేంటని పాస్టరుగారు అందరికీ తిరువూరు సెంటర్లో హలాల్ కొట్టు నుంచే తెమ్మన్నారు. క్రిస్మస్‌కీ అదే."

"ఇప్పుడు వాడు లేడుగా. మరి ఇదెక్కడిది?"

"అక్కడిదేనండీ. ఇక మానేద్దామని మాలో ఎవరూ అనలేదు."