ఆత్మకూరు సోదా

“అన్నీ తీయమ్మా. కింద పెట్టు.”

పెట్టె కుట్టమని అడిగితే ప్రేమానందం అన్న మొదటి మాట అది.

కరీంబీ బిత్తరపోయింది. పక్కనున్న అన్న అల్లాబకాష్‌కు చిర్రెత్తుకొచ్చింది.

“అంతా సర్ది తెచ్చినాం సామీ. పైన గోనెపట్ట ఏసి కుట్టు, చాలు.”

“చూడకుండా కుట్టను.”

ఎనభై రెండులో ఆత్మకూరు బస్టాండు నుంచి వారానికి ఇద్దరో ముగ్గురో కువైట్‌కు బయల్దేరేవారు. వాళ్ల అట్టపెట్టెలకు గోనెపట్ట చుట్టి దబ్బనంతో కుట్టిచ్చేది ప్రేమానందం ఒక్కడే. కుట్టని పెట్టె బొంబాయి చేరేలోగా పగిలిపోతుందని అందరికీ భయం. అందుకే ఎంత విసుగొచ్చినా ఆయన సోదాకు ఒప్పుకునేవారు.

పట్టపగలు పదిమంది చూస్తుండగా కరీంబీ చీరలు, లంగాలు, ఊరగాయ జాడీ అన్నీ చాపమీదికి వచ్చాయి. ఆమెకు తల కొట్టేసినట్టయింది.

“విమానం కాడ కూడా ఇంత సోదా ఉండదేమో,” అన్నాడు అల్లాబకాష్.

ప్రేమానందం చిన్న గుడ్డమూట ఒకటి విప్పాడు. గసగసాలు.

“ఇది తీసెయ్యమ్మా. ఆ దేశంలో దీన్ని మత్తుమందు అంటారు. జైల్లో ఏస్తారు.”

అల్లాబకాష్ నవ్వాడు. “గసగసాలు మత్తుమందా? మా ఇంట్లో పసిపిల్లోళ్లకు కూడా పాయసంలో ఏసి పెడతాం.”

“అది మీ ఇల్లు కాదు గదా.”

కరీంబీకి ఆ మూట కావాలి. భర్త బడే సాహెబ్ నడిపే లారీ మర్రిపాడు దగ్గర బోల్తాపడింది. నడుము విరిగి ఎనిమిది నెలలుగా మంచంలో ఉన్నాడు. ఆమె పోతున్నది వంటమనిషిగా. మూడు నెలలు వంట చూసి నచ్చితేనే ఉంచుకుంటారట, లేకపోతే తిప్పి పంపేస్తారట. ఉదయగిరి పెళ్లిళ్లలో ఆమె కుర్మా అంటే పేరు. ఆ పేరంతా గసగసాల్లోనే ఉందని ఆమె నమ్మకం.

“సరే, తీసేస్తా,” అని మూట చేతిలోకి తీసుకుంది. ప్రేమానందం పురికొస కోసం అటు తిరగ్గానే చీర మడతలోకి తోసేసింది.

ఆయన చూశాడో లేదో తెలియలేదు.

“నెల్లూరు బస్సుకు ఇంకా టైముండాది. మాలకొండమ్మ అంగట్లో టీ తాగి రాపోండి. అంతలోకి కుట్టేస్తా.”

టీ తాగుతూ అల్లాబకాష్ గొణిగాడు. “ఈయనకు చేతివాటం ఉండాదంట. దుత్తలూరు ఆమె సంచిలో ఏందో కొట్టేసినాడంట.”

వచ్చేసరికి పెట్టె తయారుగా ఉంది. వేలు దూరే సందు లేకుండా కుట్టాడు. ఇంక విప్పి చూసేదెట్లా?

బస్సెక్కుతుంటే వెనకే వచ్చాడు.

“తిరిగొచ్చినప్పుడు ఈడ దిగి ఒక్క మాట చెప్పి పోమ్మా.”

“ఏం మాట?”

“వచ్చినానని.”

కరీంబీ ముఖం తిప్పుకుంది.

కువైట్‌లో విమానం దిగాక వరసలో నిలబెట్టారు. ఆమె ముందున్నది కడప వైపు మనిషి, వజీరున్నీసా. విమానంలో దారంతా ఇద్దరూ కష్టసుఖాలు చెప్పుకున్నారు.

ఆఫీసరు వజీరున్నీసా సంచిలోంచి ఒక పొట్లం తీశాడు. వేళ్లతో నలిపి, వాసన చూసి, ఇంకొకరిని పిలిచాడు.

“పాయసానికి సార్, పాయసానికి,” అంటోంది వజీరున్నీసా.

ఆ మాట అక్కడ ఎవరికి తెలుసు? ఇద్దరు ఆడవాళ్లు వచ్చి ఆమెను చెరో రెక్కా పట్టుకుని లోపలికి తీసుకుపోయారు. ఆమె చెప్పు ఒకటి అక్కడే పడి ఉంది.

తర్వాత కరీంబీ పెట్టె. ఆఫీసరు కత్తితో కుట్టు కోశాడు. చీరలు దులిపాడు. మడతలోంచి గుడ్డమూట జారిపడింది.

కరీంబీ కళ్లు మూసుకుంది. మంచంలో ఉన్న మనిషి కనిపించాడు. అల్లా పేరు తలుచుకోవడానికి కూడా నోరు రాలేదు.

ఆఫీసరు ఏదో అన్నాడు. భయం భయంగా కళ్లు తెరిచింది.

ఆయన అరచేతిలో ఉన్నది ఉప్మారవ్వ.

నాలుక మీద నాలుగు పలుకులు వేసుకుని చూసి, మూట పెట్టెలోకి విసిరాడు. పెట్టె మీద సుద్దముక్కతో గీత గీసి పొమ్మన్నాడు.

గుడ్డ ఆమెదే. ముడి మాత్రం ఆమె వేసింది కాదు.

గసగసాలు లేని కుర్మానే అక్కడివాళ్లు మెచ్చుకున్నారు. వజీరున్నీసా ఏమైందో మళ్లీ తెలియలేదు.

రెండేళ్ల తర్వాత, ఉదయగిరి బస్సు ఆత్మకూరులో ఆగగానే కరీంబీ దిగింది. చేతిలో ప్రేమానందానికని తెచ్చిన చొక్కాగుడ్డ ఉంది.

బస్టాండు గోడవార ఆయన చాప లేదు.

“క్రిస్మస్‌కు ముందర పోయినాడమ్మా,” అంది మాలకొండమ్మ గ్లాసులు కడుగుతూ. “జరమొచ్చి నాల్రోజులు కూడా పడుకోలేదు.”

కరీంబీ బెంచీ మీద కూలబడింది. వచ్చినానని ఎట్లా చెప్పాలో దారంతా మాటలు కూర్చుకుంది.

“ఆయన్ని దొంగనుకున్నా నేను.”

“నువ్వొక్కదానివేనా? నా కాడ రవ్వ అడిగి తీసుకపోయేవాడు. మూటల్లోంచి తీసింది తెచ్చి ఈ పొయ్యిలోనే ఏసేవాడు.”

“ఆ దేశం సంగతి ఆయనకెట్టా తెలుసు? పోయొచ్చినాడా?”

“యాడికి పోయినాడు, నెల్లూరు దాటలా. పెళ్లాం రెబెకమ్మ పోయింది. దిగిన రోజే పట్టుకున్నారు. ఆరేళ్లాయ, ఉండాదో లేదో కూడా తెలవదు.”

“గసగసాలకేనా?”

మాలకొండమ్మ గ్లాసు కింద పెట్టింది.

“పరాయి దేశంలో నోటికి రుచిగా వండుకుంటుందిలే అని, ఆ యమ్మకు తెలీకుండా పెట్టెలో పెట్టి కుట్టింది ఈయనే.”