హస్తవాసి

చివరి కుర్చీ ఆ రోజు కూడా ఖాళీగానే ఉంది.

రక్త పరీక్షల ల్యాబులో అది కొత్తగా పని నేర్చుకునేవాళ్ల కుర్చీ. వెనక గోడకు "శిక్షణలో ఉన్నారు, సహకరించండి" అని బోర్డు. అది చదివినవాళ్లెవరూ సహకరించలేదు. సీనియరు దగ్గర మాత్రం గుమ్మం దాకా క్యూ.

కుర్చీ పక్కన నిలబడ్డ అమ్మాయి మొన్నమొన్నటి దాకా కౌంటరులో బిల్లులు కొట్టింది. ఎంతకాలం ఇదే పని, ఇంకో మెట్టు ఎక్కమని మేనేజరే ల్యాబు ఖర్చుతో కోర్సు చదివించాడు. చదువు వచ్చింది, చెయ్యే కుదరలేదు. ఒకరిద్దరికి చెయ్యి కమిలిపోవడంతో ఆ మాట అందరికీ పాకింది. నెలాఖరుకల్లా పని పట్టుబడకపోతే మళ్లీ కౌంటరుకే పంపాల్సి వస్తుందని మేనేజరు మెత్తగానే చెప్పాడు.

పని పట్టుబడాలంటే ముందు ఎవరో ఒకరు చెయ్యి చూపించాలి కదా.

క్యూలోంచి ఓ మీసాల పెద్దాయన పక్కకు తప్పుకున్నాడు. గుమ్మం వైపు నడిచినవాడు ఆగి, ఏమనుకున్నాడో ఏమో, వెనక్కొచ్చి చివరి కుర్చీలో కూర్చున్నాడు.

"నేను కొత్త, బాబాయిగారూ. మా సీనియరక్క దగ్గర తీయించుకుంటారా?"

"ఈ ల్యాబుకి నేనూ కొత్తే. కానియ్యమ్మా."

గుండె జబ్బుకు మందు వాడుతున్నాడట, తరచూ రక్త పరీక్ష తప్పదట. మొహం గోడవైపు తిప్పుకుని కబుర్లు మొదలుపెట్టాడు. బస్సులో పక్కవాడితో పోట్లాడి మరీ గొడుగు తెచ్చుకుంటే, తన గొడుగు ఇంట్లో తలుపు వెనకే వేలాడుతోందట.

ఆమె సూది గుచ్చింది. రక్తం రాలేదు. ఏడుపొచ్చినంత పనైంది.

"ఎక్కడికి పోతుందిలే, లోపలే ఉంటుంది. ఇంకోసారి చూడు," అన్నాడాయన.

రెండోసారి వచ్చింది.

ఆ తర్వాత ఎప్పుడొచ్చినా ఆయన ఆ కుర్చీలోనే కూర్చునేవాడు. గోడకేసి చూస్తూ అవే కబుర్లు. నరం దొరకని రోజు అడక్కుండానే రెండో చెయ్యి ముందుకు పెట్టేవాడు. దొరికిన రోజు దూది అదుముకుంటూ క్యూ దగ్గరికెళ్లి, "ఆ అమ్మాయి హస్తవాసి మంచిది, ఇక్కడ కాళ్లు పీకేలా నిలబడతారెందుకు?" అని నలుగురికీ వినపడేలా చెప్పేవాడు. మొహమాటానికి ఒకరొచ్చారు. వాళ్లను చూసి ఇంకొకరు. అలా చేతులు దొరికాయి, పనీ పట్టుబడింది. నెలాఖరు దాటినా మేనేజరు కౌంటరు మాటే ఎత్తలేదు.

ఈయనకి సూదంటే లెక్కే లేదక్కా, కాలక్షేపానికి వస్తాడని ఆమె సీనియరుతో నవ్వుతూ అనేది. ఒక్కసారి కూర్చోబెట్టి కృతజ్ఞత చెప్పాలని ఎన్నోసార్లు అనుకుంది. తన దగ్గరా క్యూ పెరిగేసరికి, వచ్చేసారి చెబుదాంలే అనుకుంటూ వాయిదా వేసింది.

ఇంతలో ఆయన రావడం మానేశాడు.

కొన్నాళ్లకు ఆమే సీనియరైంది. కొత్తవాళ్లకు పని నేర్పడం మొదలుపెట్టింది. ఒకరోజు పరీక్షకు వచ్చిన ఒకావిడ కుర్తా చెయ్యి మడుస్తూ ఆమెకేసి పరీక్షగా చూసింది.

"మా నాన్న ఇక్కడికే వచ్చేవారమ్మా. గొడుగు కథ చెప్పే ఉంటారు నీకు."

ఆయన నిద్రలోనే పోయాడని చెప్పింది. అమ్మాయి చేతిలో రబ్బరు పట్టీ చేతిలోనే ఉండిపోయింది.

"నాకీ పని వచ్చిందంటే ఆయన చలవేనండీ. ఆ మాట ఆయనతో చెప్పలేకపోయాను. నేనెన్నిసార్లు గుచ్చినా ఉలకలేదు, పలకలేదు. ఎంత ధైర్యమో ఆయనకి."

"ధైర్యమా, మా నాన్నకా?" ఆవిడ కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది. "సూది పేరెత్తితే పై ప్రాణాలు పైనే పోయేవి. పాత ల్యాబులో పడుకోబెట్టి ఇద్దరం గట్టిగా పట్టుకుంటే గానీ తీయనిచ్చేవారు కాదు. పరీక్ష ఉందంటే ముందురోజు నుంచే అన్నం సహించేది కాదు. ఇక్కడికి మొదటిసారి వచ్చినప్పుడూ మధ్యలోనే పారిపోబోయారట."

"మరి ఎందుకు ఆగారండీ?"

"నేనూ అదే అడిగాను. 'అక్కడ నాకంటే ఎక్కువ భయపడుతున్న పిల్ల ఒకతె కనిపించిందే, ఒంటరిగా వదిలేసి రాబుద్ధి కాలేదు' అన్నారు."