అనుమానపు కాపురం

వేరుశనగ చేలో మట్టి కింద సన్నక్క అనే నులిపురుగు ఉండేది. దాని పొట్టలో చుక్కమ్మ అనే సూక్ష్మజీవి కాపురం. సన్నక్క పురుగుల ఒంట్లోకి దూరేది, చుక్కమ్మ బయటికొచ్చి విషం కక్కి వాటిని చంపేది, ఇద్దరూ కలిసి తినేవాళ్లు.

ఒకరోజు సన్నక్క ఆకలితో ఒక లావుపాటి వేరుపురుగును చేరింది. "పిచ్చిదానా! నన్ను చంపే విషం ఉన్నది నీ కడుపులోనే. రేపు నిన్ను మాత్రం వదులుతుందా?" అంది ఆ పురుగు.

సన్నక్క ఆగిపోయింది. "ఏమే చుక్కమ్మా, ఇంతకాలం నన్నెందుకు చంపలేదు?" అని అడిగింది.

"నువ్వు నన్నెందుకు అరిగించుకోలేదు వదినా? నేనూ రోజూ ఆ భయంతోనే ఉన్నాను," అంది చుక్కమ్మ.

ఈలోగా వేరుపురుగు మెల్లగా జారుకోబోయింది. సన్నక్క గబుక్కున దాని నోట్లోకి దూరింది. చుక్కమ్మ తన పని తను చేసింది. రెండు రోజుల్లో పురుగు చచ్చింది.

దాని ఒంట్లోనే ఎవరి పిల్లలు వాళ్లకు పుట్టారు. తిండి అయిపోయి బయల్దేరేటప్పుడు, "చుక్కమ్మ పిల్లల్ని పొట్టలోకి ఎక్కించుకోండి," అంది సన్నక్క తన పిల్లలతో.

"వాళ్లను నమ్మొచ్చా అమ్మా?" అంది ఓ పిల్ల.

"ఏమో తల్లీ. నాకింకా నమ్మకం కుదర్లేదు. కానీ చుక్కమ్మ లేకుండా నేను ఒక్క పూటా తినలేదు."

చుక్కమ్మ పిల్లలు ఆ మాట విన్నారు. విని కూడా, ఒకరి వెనక ఒకరు, ఆ చిన్న నోళ్లలోకి అనుమానంగానే ఎక్కారు.