ముందు భోజనం

బరి మీద ఇద్దరు సుమో మల్లులు గుప్పెళ్ళతో ఉప్పు చల్లుతుండగా షాలేం రాజు జేబులో ఫోన్ వణికింది. చెల్లెలు వాళ్ళుండే షాంటిలీ నుంచి పాస్టర్ ప్రేమానందం గారు. ఆదివారం సాయంత్రం ఆయన ఊరికే ఫోన్ చేయరు. రాజు లేచి హాలు బయటికి వచ్చాడు.

“ఫెబీ పక్కన ఉందా నాయనా?”

“లోపలుందండీ. ఏమైంది?”

“జెరెమీ కార్‌ని ట్రక్ గుద్దేసింది. మనవాడు లేడు నాయనా.”

జెరెమీ ఫెబీకి ఒక్కడే అన్న. రాజు చెల్లెలు పర్సిస్‌కి భర్త. అటు పిల్లని ఇచ్చి ఇటు పిల్లని తెచ్చుకున్నారు. కాకినాడలో రెండు పెళ్ళిళ్ళూ ఒకే రోజు, ఒకే చర్చిలో జరిగాయి.

రాజు గోడకి ఆనుకున్నాడు.

“మా పర్సిస్?”

“కరుణమ్మ దాని పక్కనే కూర్చుని ఉంది. నువ్వు ముందు ఫెబీ సంగతి చూడు.”

కరుణమ్మ పాస్టర్ గారి భార్య. ఆవిడ ఉందంటే చెల్లెలికి తల్లి ఉన్నట్టే. రాజు గుండె తేలికపడింది. అలా తేలికపడినందుకు మరుక్షణమే సిగ్గేసింది.

“ఇప్పుడే చెప్పకు,” అన్నారు పాస్టర్ గారు. “కడుపునిండా తిననివ్వు. విన్నాక ఆ పిల్ల మంచినీళ్ళు కూడా ముట్టదు. తిన్నాక మెల్లగా చెప్పి, ఇద్దరూ బయల్దేరి రండి.”

నిజమే. తల్లి పోయినప్పుడు ఫెబీ అన్నం మానేసి, చివరికి ఆస్పత్రిలో సెలైన్ పెట్టించుకుంది.

పర్సిస్‌కి ఒక్కసారి ఫోన్ చేద్దామనుకున్నాడు రాజు. దాని గొంతు వింటే ఏడుపు ఆగదు. ఎర్రబడ్డ కళ్ళతో లోపలికెళితే ఫెబీ ఇట్టే పసిగడుతుంది. మానేశాడు.

తిరిగొచ్చేసరికి ఫెబీ సీటు ఖాళీగా ఉంది. చాలాసేపటికి వచ్చింది. మొహం కడుక్కున్నట్టుంది, చెంపల దగ్గర జుట్టు తడిగా ఉంది.

“రెస్ట్‌రూమ్ దగ్గర పెద్ద లైన్,” అంది.

చివరి బౌట్ మొదలైంది. ఆఫీస్ పని మీద యోకోహామాలో ఉన్నప్పటినుంచీ ఫెబీకి సుమో అంటే పిచ్చి. ఈ టోర్నమెంట్ న్యూయార్క్ వస్తోందని తెలిసిన రోజే టికెట్లు బుక్ చేసింది. కొండల్లాంటి మనుషులిద్దరూ ఢీకొన్నారు. ఒకడు బరి దాటి జనం మీదికి దొర్లిపోయాడు. హాలంతా లేచి నిలబడి అరిచింది. వాళ్ళిద్దరే లేవలేదు.

బయట పేవ్‌మెంట్ నిండా జనం. ఎక్కడ తిందామని అందరూ ఫోన్లలో వెతుక్కుంటున్నారు.

“చాంకో తిందాం పద,” అన్నాడు రాజు.

చాంకో సుమో మల్లులు రోజూ తినే పులుసు. కోడిమాంసం, చేప, కూరగాయలు అన్నీ ఒకే కుండలో ఉడికిస్తారు. అది దొరికే హోటల్ రెండు వీధుల అవతలే ఉంది. టికెట్లు కొన్నప్పటినుంచీ ఫెబీ దాని ఊసే చెబుతోంది.

“ఈ రోజు వద్దండీ. ట్రైన్ ఎక్కి జెర్సీ సిటీ వెళ్ళిపోదాం. మన ఆంధ్రా మెస్‌లో నాటుకోడి, గారెలు తిందురుగాని.”

“చాంకో చాంకో అని చంపావు కదా ఇన్నాళ్ళూ?”

“నా సంగతి వదిలేయండి. మీకిష్టమైనది తిందాం.”

మాట్లాడుతోంది గానీ అతని మొహంలోకి చూడటం లేదు. తెలిసిపోయిందా? తెలిస్తే ఇలా నిలబడగలిగేది కాదు.

ఆదివారం సాయంత్రం ఆ మెస్‌లో జెర్సీ సిటీ తెలుగు చర్చివాళ్ళు సగం మంది ఉంటారు. కబురు ఈపాటికి వాట్సాప్ గ్రూప్‌లోకి ఎక్కే ఉంటుంది. ఎవరో ఒకరు ఫెబీని పట్టుకుని బావురుమంటారు.

“అక్కడంతా తెలిసినవాళ్ళే, ఫెబీ. పలకరింపులకే సరిపోతుంది.”

ఆమె నడుస్తున్నదల్లా ఆగిపోయింది.

“అవును. నాకు తట్టనేలేదు. అక్కడికి వద్దు. పదండి, చాంకోకే వెళ్దాం. కానీ మీరు కడుపునిండా తినాలి.”

హోటల్‌లో కూర్చోగానే రాజు, “తినేటప్పుడు ఫోన్లు వద్దు,” అన్నాడు.

“నేనూ అదే అనబోతున్నా.”

రెండు ఫోన్లూ తన బ్యాగ్‌లో వేసి జిప్ లాగేసింది ఫెబీ. బ్యాగ్‌ని కాళ్ళ దగ్గర పెట్టుకుంది.

పొగలు కక్కుతూ కుండ వచ్చింది. బల్ల కింద బ్యాగ్ బుర్రుమంది. ఆగింది. మళ్ళీ బుర్రుమంది. ఇద్దరూ వినిపించనట్టే ఉన్నారు. ఎవరో చూద్దామని ఆమె అననందుకు రాజు లోలోపల దేవునికి స్తోత్రం చెప్పుకున్నాడు.

“తిను,” అన్నాడు.

“మీరు తింటేనే.”

ఆమె తన గిన్నెలోని చికెన్ ముక్కలు ఏరి అతని గిన్నెలో వేసింది. అతను వాటిని మళ్ళీ ఆమె గిన్నెలోకి మార్చాడు. అతనికి ముద్ద దిగడం లేదు. తాను ఆపితే ఆమె ఆపేస్తుందని మింగుతున్నాడు. ఆమె మాత్రం తలొంచుకుని గబగబా తింటోంది. మధ్యమధ్యలో తలెత్తి అతని గిన్నెలోకి చూస్తోంది.

“సుగర్ టాబ్లెట్ వేసుకున్నారా?”

“వేసుకున్నా.”

“ఇంకొంచెం అన్నం పెట్టించుకోండి.”

బ్యాగ్ ఈసారి ఎంతకీ ఆగలేదు. పక్క బల్లవాళ్ళు కూడా తిరిగి చూశారు.

సర్వర్ వచ్చి ఖాళీ కుండ తీసుకెళ్ళింది. ఇక తప్పదు. రాజు గొంతు సవరించుకున్నాడు.

“ఫెబీ, నీకో మాట చెప్పాలి. గుండె దిటవు చేసుకో. జెరెమీ బావ...”

“తెలుసండీ.”

రాజు బల్ల మీదికి వంగాడు.

“మీరు బయట పాస్టర్ గారితో మాట్లాడుతున్నప్పుడే కరుణమ్మ ఆంటీ నాకు ఫోన్ చేసింది.”

“తెలిసి కూడా ఎలా తిన్నావు ఫెబీ?”

“నేను తినకపోతే మీరు తినరని.”

ఆమె బల్ల మీదుగా రెండు చేతులూ చాపి అతని చేతులు గట్టిగా పట్టుకుంది.

“అన్నయ్య ఒక్కడే పోలేదండీ, పక్క సీట్లో పర్సిస్ కూడా ఉంది.”