సంచిలో పెట్టని పట్టీ

బహ్రెయిన్‌లోని సిత్రా కూలీల క్యాంపులో, సెలవు మీద ఇంటికి వెళ్లేందుకు రాజలింగు కుడిచేత్తో సంచి సర్దుతుంటే, పక్షవాతంతో పడిపోయిన అతని ఎడమచేతికి ముత్యం బీపీ చూసేలాంటి గాలిపట్టీ బిగించి, అరచేతిలో బంతి పెట్టాడు.

“బంతి పిసుకు బావా.”

“నెత్తురాపి కసరత్తేందిరా?”

“నెత్తురు తక్కువైతే చెయ్యి మొండికేస్తదట. అప్పుడు మెదడు ఇంకింత గట్టిగ హుకుం జేస్తదని డాక్టరమ్మ జెప్పలే?”

వేళ్లు కదిలాయి. ముత్యం మురిసిపోయాడు.

“ఇంటికాడ గూడ గిట్లనే జేసి, చెయ్యి బాగైనంక జల్ది రా. నీకు జామీను నేనే. నువ్వు రాంది మనల పనికి దెచ్చిన కఫీల్ నా పాస్‌పోర్టియ్యడు. నా బిడ్డ మొకం నేనింకా చూడలే.”

“రాక యాడికి వోతరా!”

పట్టీ విప్పి మంచం మీద పెట్టి, రాజలింగు సంచి జిప్పు లాగేశాడు.

“పట్టీ మరిచినవ్ బావా.”

“నాకిగ దాంతోని ఏం పనిరా? ఉండనీ” అన్నాడతను, మొహం తిప్పుకొని.

ముత్యం నవ్వు ఆగిపోయింది.

రాజలింగు సెలవు 2006 ఆగస్టులో ముగిసింది. అతను తిరిగి రాలేదు.